డ్రిల్లు మాస్టారి అఫిడవిట్

1988వ సంవత్సరం. తెనాలి మారీసుపేటలో మేం అద్దెకున్న ఇంటి ముందు గదే నా ఆఫీసు. ఒక బల్ల, నాలుగు కుర్చీలు, మూత సరిగా పడని ఒక బీరువా. అప్పటికి నల్లకోటు వేసుకుని పదేళ్లు కావస్తున్నా నా దగ్గరికొచ్చేవన్నీ గట్టు తగాదాలు, పంపకాల దావాలు, అద్దెకున్నవాళ్లు ఖాళీ చేయని గొడవలు. పెద్ద కేసులు కోర్టు ఎదురుగా మేడ మీద కూర్చునే సీనియర్ల దగ్గరికి పోయేవి. వాళ్ల మెట్ల కింద వరసగా విడిచిన చెప్పులు చూస్తే నాకు కడుపు మండిపోయేది. నాకు అసూయ జాస్తి. నన్నెరిగిన వాళ్లందరికీ ఆ సంగతి తెలుసు. ఇప్పుడు చెప్పబోయే కేసు మొదలు నుంచి చివరిదాకా అసూయతోనే నడిచింది కాబట్టి ముందే చెప్పేస్తున్నాను.

ఆ కేసు కూడా నా దగ్గరికి నేరుగా రాలేదు. మేడ మీద సీనియర్ ఒకాయన కాగితాలు తిప్పి చూసి, "ఇంగ్లాండు వాళ్ల చట్టం మనకెందుకు, మారీసుపేటలో లాయరమ్మ ఉంది, ఆవిడకి తీరికెక్కువ, అక్కడికెళ్లండి" అన్నాడట. ఆ మాట పొల్లు పోకుండా నాకు అప్పజెప్పింది రేపల్లె నుంచి వచ్చిన రత్నమ్మ గారు. మిషన్ స్కూల్లో టీచరుగా చేసి రిటైరైన మనిషి. తెల్లచీర, గుండ్రటి కళ్లద్దాలు, ఎదుటివాళ్లను పిల్లల్లా చూసే చూపు. ఆవిడ వెనక గుమ్మం పట్టనంత పొడుగున్న ఒక మనిషి తలవంచుకుని లోపలికొచ్చి కుర్చీ అంచున కూర్చున్నాడు.

"ఈయన మా అల్లుడు గారమ్మా, సుధాకర్. బాపట్లలో హైస్కూల్లో డ్రిల్లు మాస్టారు" అంది రత్నమ్మ గారు. "మా అమ్మాయి కరుణ ఇంగ్లాండులో నర్సు. చిన్నప్పుడే ట్రైనింగుకెళ్లి అక్కడే స్థిరపడింది. ఇప్పుడొక వార్డుకి సిస్టరు, అంటే ఆ వార్డు మొత్తానికి పెద్ద. పోయినేడు మా రేపల్లె చర్చిలో పెళ్లి చేశాం. సెలవు అయిపోయి అమ్మాయి వెళ్లిపోయింది. ఈయన కూడా వెళ్దామని మద్రాసులో వీసాకి పెడితే ఇవ్వం పొమ్మన్నారు."

"ఎందుకివ్వమన్నారు?"

"అదేనమ్మా తెలీంది. పెళ్లి నిజం కాదంటారా ఏంటి? మూడు ఆదివారాలు చర్చిలో ప్రకటన చదివించి మరీ చేశాం. అడ్డు చెప్పేవాళ్లుంటే అప్పుడే చెప్పేవాళ్లు కదా."

మైదానంలో మూడొందల మంది పిల్లల్ని ఒక్క కేకతో నిలబెట్టే గొంతు డ్రిల్లు మాస్టారిదని తర్వాత తెలిసింది. నా గదిలో మాత్రం అత్తగారి పక్కన నోట్లో నాలుక లేనట్టు కూర్చున్నాడు.

కాగితాలు చదివాను. పెళ్లి నిజమేనని వీసా ఆఫీసరు కూడా ఒప్పుకున్నాడు. చిక్కు వేరే చోట ఉంది. ఆ రోజుల్లో వాళ్ల నిబంధనల్లో ప్రైమరీ పర్పస్ అని ఒకటుండేది. అంటే, అక్కడ స్థిరపడిన మనిషిని పెళ్లి చేసుకుని వచ్చేవాళ్లు, ఆ పెళ్లి ముఖ్యోద్దేశం ఆ దేశంలోకి రావడం కాదని తామే నిరూపించుకోవాలి. లేదని నిరూపించడం ఎంత కష్టమో కోర్టుల్లో తిరిగినవాళ్లకు తెలుస్తుంది. ఉన్నదాన్ని చూపించొచ్చు. లేనిదాన్ని ఏం పెట్టి చూపిస్తాం?

తిరస్కరణ కాగితంతోపాటు ఇంటర్వ్యూలో అడిగిన ప్రశ్నలు, చెప్పిన జవాబులు టైపు చేసి పంపారు. అవి చదువుతుంటే నాకు తల తిరిగింది. ఇంగ్లాండు ఎందుకు వెళ్లాలనుకుంటున్నారని అడిగితే, అక్కడ అభివృద్ధికి అవకాశాలు ఎక్కువ అని జవాబు. మీ భార్యే ఇక్కడికొచ్చి ఉండొచ్చు కదా అంటే, ఇక్కడ జీతాలు తక్కువ అని జవాబు. వీసా రాకపోతే ఏం చేస్తారంటే, మళ్లీ పెడతాను అని జవాబు. అన్ని జవాబుల్లోనూ కరుణ పేరు ఒక్కసారి కూడా ఈయన నోటి వెంట రాలేదు. చివర్న ఆఫీసరు ఇంకో మాట చేర్చాడు. ఈయన సమాజంలో పెళ్లికూతురే మొగుడింటికి పోవడం ఆచారం, ఆ ఆచారాన్ని దాటి ఈయనే వస్తానంటున్నాడంటే ఉద్దేశం అర్థమవుతూనే ఉందని.

"మాస్టారూ, మీ గొయ్యి మీరే తవ్వుకున్నారు" అన్నాను.

రత్నమ్మ గారు మంచినీళ్లకని లోపలికి వెళ్లి మా అత్తగారితో మాటల్లో పడింది. ఆవిడ గొంతు వంటింట్లోంచి వినిపించడం మొదలయ్యాక ఆయన కుర్చీ కొంచెం ముందుకు జరిపాడు.

"దొర ముందైతే చెప్పేవాణ్ణేనండి" అన్నాడు.

"ఏం చెప్పేవారు?"

"ఉన్నమాట. కానీ ఆయన పక్కన ఒక తెలుగాయన కూర్చున్నాడండి, మన మాట ఇంగ్లీషులో చెప్పడానికి. నేను లోపలికెళ్లగానే ఏ ఊరండీ మీది అన్నాడు. బాపట్లండి అన్నాను. మాది పక్కనే, కాకుమాను అన్నాడు. మా పెద్దమ్మ వాళ్లది కాకుమానేనండి."

"అయితే?"

"పెళ్లాం కోసం పోతున్నానని ఆయన ముందు ఎట్లా చెప్పమంటారండి? వారం తిరక్కుండా కాకుమానంతా తెలుస్తుంది. సుధాకర్ ఇల్లరికం పోతున్నాడంట, పెళ్లాం జీతం తిని బతుకుతాడంట అంటారు. ఉద్యోగం కోసం, అభివృద్ధి కోసం అంటే మగాడు మాట్లాడినట్టుంటుంది కదాని అట్లా అన్నానండి."

ఎన్నో కేసుల్లో ఎన్నో రకాల అబద్ధాలు విన్నాను. పరువు కోసం మనిషి తన కేసును తానే చంపుకోవడం మా వైపు కొత్త కాదు. కానీ దేశంకాని దేశపు ఆఫీసరు ముందు కూర్చుని, పక్కనున్న కాకుమాను ఆయనకి జవాబు చెప్పిన మనిషిని అప్పుడే చూశాను. ఆ తెలుగాయన పాపం ఎవరికీ చెప్పి ఉండడు. ఆయన ఉద్యోగం ఆయన చేశాడు. ఈయన భయం ఈయనది.

"సరే, ఇప్పుడు ఇక్కడ కాకుమాను వాళ్లెవరూ లేరు. నిజంగా ఎందుకెళ్లాలని?"

మెడలో విజిలు తాడు అలవాటుగా వేసుకొచ్చినట్టున్నాడు, దాన్ని వేలికి చుట్టి విప్పుతూ కూర్చున్నాడు. చివరికి, "నాకు నిద్ర పట్టట్లేదండి" అన్నాడు. "అక్కడామె ఎవరితో మాట్లాడుతుందో, ఎవరు నవ్విస్తే నవ్వుతుందో తెలీదు. స్కూల్లో పిల్లల్ని వరసలో నిలబెట్టి లెక్కపెడతానా, సగంలో లెక్క తప్పుతానండి. మొన్న జెండా వందనానికి కదలకుండా నిలబడాల్సిన టైములో విజిలేశానండి."

చొక్కా జేబులోంచి ఒక ఫోటో తీసి బల్ల మీద పెట్టాడు. ఆసుపత్రిలో క్రిస్మస్ పార్టీ. పన్నెండు, పదమూడు మంది తలల మీద రంగు కాగితాల టోపీలు పెట్టుకుని నవ్వుతున్నారు. మధ్యలో చామనఛాయ మనిషి, ఒత్తయిన జుట్టు, కళ్లలో పొగరు. అది కరుణ. ఆమె పక్కన నిలబడ్డ గడ్డపాయన తల చుట్టూ నీలం సిరాతో గట్టిగా ఒక సున్నా చుట్టి ఉంది. రాసినవాడి పెన్ను పాళీ కాగితంలో దిగబడింది.

"ఈ ఫోటో ఆమె పంపిందండి. నేను ఇట్లా చుట్టి, ఈయనెవరో రాయమని తిరిగి పంపానండి."

ఫోటో వెనక్కి తిప్పాను. తెలుగులో చక్కటి దస్తూరీ. "ఈయన అంబులెన్సు డ్రైవరు. నలుగురు పిల్లలు. మీకు బుద్ధి లేదు."

"డ్రైవరు నర్సు పక్కన నించోవడమేంటండి?" అన్నాడు మాస్టారు. ఆయన నవ్వడం లేదు. నిజంగానే అడుగుతున్నాడు.

నాకు నవ్వొచ్చింది. ఆ వెంటనే ఇంకోటి కూడా వచ్చింది. ఎక్కడో మంచు దేశంలో ఉన్న ఆ అమ్మాయి మీద నాకు పట్టరాని అసూయ కలిగింది. మా ఆయన కాలేజీలో వృక్షశాస్త్రం చెబుతారు. బంగారం లాంటి మనిషి. రోజంతా కోర్టులో మగవాళ్ల మధ్య తిరిగి, క్లయింట్లతో ఊళ్లు పట్టుకుని పోయి, ఏ పొద్దుకో ఇంటికొస్తే పేపర్లోంచి తలెత్తకుండానే "వచ్చావా" అంటారు. ఎక్కడికెళ్లావు అని పెళ్లయిన ఇన్నేళ్లలో ఒక్కసారి అడగలేదు. నమ్మకమే, కాదన్ను. నమ్మకం మంచిదని నాకూ తెలుసు. కానీ నా పక్కన నిలబడ్డ మనిషి తల చుట్టూ ఎవరూ ఎప్పుడూ సిరాతో సున్నా చుట్టలేదు.

ఆ ఫోటోని మళ్లీ చూశాను. ఈసారి లాయరు కళ్లతో చూశాను. దేశం కోసం పెళ్లి చేసుకున్నవాడైతే దేశం గురించి అడుగుతాడు. అక్కడ ఇళ్లెట్లా ఉంటాయి, ఉద్యోగాలేం దొరుకుతాయి అని రాస్తాడు. గడ్డపాయన ఎవరని రాయడు. నిరూపించలేమనుకున్నది నా బల్ల మీదే ఉంది.

రత్నమ్మ గారు తిరిగొచ్చాక పెళ్లిమాటల నాటి సంగతులు అడిగాను. ఇంకో మంచి ఆధారం దొరికింది. సంబంధం కుదిరేటప్పుడు ఈయన పెట్టిన షరతు, కరుణ ఉద్యోగం మానేసి వచ్చి మన వైపు మిషన్ ఆసుపత్రిలో చేరాలని. కరుణ ససేమిరా అంది. రెండు నెలలు సంబంధం ఆగిపోయింది. చివరికి మధ్యవర్తిగా పాస్టరు గారు కూర్చుని మాట్లాడితే, నేనే వస్తాను అని ఈయన దిగొచ్చాడు. ఆ దేశం పోవాలని పెళ్లి చేసుకున్నవాడు, ఆ అమ్మాయిని అక్కణ్ణుంచి వచ్చేయమని ఎందుకంటాడు?

అఫిడవిట్ రాయడానికి కూర్చున్నాం. అఫిడవిట్ అంటే, నేను చెప్పేది నిజమని ప్రమాణం చేసి సంతకం పెట్టిన వాంగ్మూలం. కాకుమాను ఆయన సంగతి, పెళ్లి షరతు సంగతి, ఇల్లరికం అంటే మా వైపు మగవాళ్లకి ఎంత నామోషీనో ఆ సంగతి, అన్నిటికీ ఆయన తలూపాడు. ఫోటో దగ్గరికి రాగానే బిగుసుకుపోయాడు.

"అసూయ అని రాయకండి. దిగులు అని రాయండి."

"దిగులు పడేవాడు ఫోటోల మీద సున్నాలు చుట్టడు మాస్టారూ."

"పోనీ, ఆందోళన."

"ఇన్కంటాక్సు కట్టేవాడికి ఉంటుంది ఆందోళన. ఉన్నమాట రాద్దాం. ఒకసారి పరువు కోసం మాట మార్చి ఇంతదాకా తెచ్చుకున్నారు."

ఆయన ఒప్పుకున్నాడు గానీ ఒక షరతు పెట్టాడు. ప్రమాణం నోటరీ ముందు చేయాలి. నోటరీ అంటే అలాంటి కాగితాల మీద ముద్ర వేసే అధికారమున్న లాయరు. తెనాలిలో నోటరీ వద్దన్నాడు, ఆ నోటరీ గారి బావమరిది బాపట్లలో ఉంటాడట. బాపట్ల అసలే వద్దు. రేపల్లెలో అత్తగారి చర్చివాళ్లే అందరూ. తనని ఎరిగినవాళ్లు ఒక్కరూ లేని ఊరు కావాలన్నాడు. ఆ జిల్లాలో పుట్టి పెరిగి, ఆటల పోటీలకని పిల్లల్ని వెంటేసుకుని ఊరూరా తిరిగిన మనిషికి అలాంటి ఊరు వెతకడం తేలిక కాదు. ఆఖరికి చీరాల ఖాయం చేశాం.

తెనాలిలో రైలెక్కాం. బాపట్ల స్టేషనులో ఆగగానే ఆయన గబుక్కున లేచి తలుపు దగ్గరికెళ్లి, నాకేమీ కానట్టు అటు తిరిగి నిలబడ్డాడు. రైలు కదిలాక వచ్చి మళ్లీ ఎదురుగా కూర్చున్నాడు. లాయరమ్మతో రైల్లో వెళ్తున్నాడని ఎవరైనా కరుణకి రాస్తే అని ఆయన భయమట. ఇంత భయం తను పడుతూ ఆమెను అన్ని ప్రశ్నలేస్తున్నందుకు మందలిద్దామనుకున్నాను. ఈలోపు ఆయనే అడిగాడు.

"మీ సారు ఏమీ అనరాండి, మీరిట్లా క్లయింట్లతో ఊళ్లు తిరుగుతుంటే?"

"అనరు."

"ఒక్కసారి కూడా అడగరాండి?"

"అడగరు."

"అదృష్టవంతులండి" అన్నాడు నిజాయితీగా. నేను కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను.

చీరాల నోటరీ గారు పెద్దాయన. చెవుడు. చెవుడున్నవాళ్లలాగే పెద్దగా మాట్లాడతారు. ఇంగ్లీషులో ఉన్న అఫిడవిట్‌ని సంతకం పెట్టేవాడికి తెలుగులో చదివి వినిపించి, అర్థమైందా అని అడిగి మరీ ముద్ర వేయడం ఆయన పద్ధతి. చాలామంది అలా చేయరు. ఆయన చేశారు. ఆ గదిలో చీరల వ్యాపారం వాళ్లు ఇద్దరు, ఏదో అగ్రిమెంటు కోసం వచ్చి కూర్చుని ఉన్నారు. నోటరీ గారు కళ్లజోడు సర్దుకుని వీధిదాకా వినపడేలా మొదలుపెట్టారు. నా భార్య అంటే నాకు ప్రాణం. ఆమె పరాయి మగవాళ్లతో మాట్లాడుతుందన్న ఊహకే నాకు అన్నం సహించదు. ఫోటోలో ఆమె పక్కన నిలబడ్డ వ్యక్తి మీద నాకు అసూయ కలిగింది. ఆమె లేకుండా నేనిక్కడ ఉండలేను. ఆ దేశం ఎలా ఉంటుందో నాకు తెలియదు, నాకు అక్కర్లేదు.

మాస్టారు నేలకేసి చూస్తున్నాడు. చెవులు ఎర్రబడ్డాయి. తనని ఎవరూ ఎరగని ఊరు ఏరికోరి తెచ్చుకుంటే, ఊరంతటికీ చాటింపు వేసినట్టయింది. నాకే జాలేసింది.

చదవడం అయ్యాక చీరల వ్యాపారి ఒకాయన కండువాతో మొహం తుడుచుకుంటూ, "ఉంటదండి, ఎవరికైనా ఉంటది. మేం పైకి చెప్పం, మీరు చెప్పారు" అన్నాడు. రెండో ఆయన తలూపాడు. మాస్టారు ఇద్దరి మొహాలూ చూసి, పెన్ను తీసుకుని సంతకం పెట్టాడు.

ఆ అఫిడవిట్టూ, సాక్ష్యం కింద ఎగ్జిబిట్ అని ముద్ర వేసిన ఫోటో, రత్నమ్మ గారి వాంగ్మూలం, పాస్టరు గారి వాంగ్మూలం అన్నీ లండన్‌లో కరుణ పెట్టుకున్న సాలిసిటరుకి పంపాను. సాలిసిటరంటే అక్కడ క్లయింటు తరఫున కేసు తయారుచేసే లాయరు. ఆ సాలిసిటరూ నాలాగే ఆడమనిషే. ఆవిడ దగ్గర్నుంచి వచ్చే ఉత్తరాలు చూస్తే నాకు మళ్లీ మంట. మందంపాటి తెల్ల కాగితం, గీత గీసినట్టున్న అక్షరాలు, ఒక్క కొట్టివేత లేదు. నా టైపు మిషనులో ఒక అక్షరం ఎప్పుడూ మిగతావాటి కంటే ఒక మెట్టు కిందికి పడేది.

అప్పీలు విన్నది అడ్జుడికేటర్ అనే అధికారి. కరుణ వెళ్లి సాక్ష్యం చెప్పింది. అప్పీలు కొట్టేశారు. ఆ పైన ట్రిబ్యునల్‌కి వెళ్లడానికి అనుమతి అడిగితే అదీ ఇవ్వలేదు. ఇక మిగిలింది అక్కడి హైకోర్టులో జుడిషియల్ రివ్యూ ఒక్కటే.

ఇది మన రిట్టు పిటిషను లాంటిది. చాలామంది క్లయింట్లు పొరపడేది ఇక్కడే. ఆ కోర్టు వీసా ఇమ్మని చెప్పదు. ఈయన మంచివాడా, ఈయన మాట నమ్మొచ్చా అని చూడదు. కింది అధికారి తన పని చట్టప్రకారం చేశాడా, చూడాల్సిన వాటిని చూశాడా, చూడకూడని వాటిని లెక్కలోకి తీసుకున్నాడా, అంతవరకే చూస్తుంది. తప్పు చేశాడంటే ఆ నిర్ణయాన్ని కొట్టేసి, మళ్లీ సరిగా చూడమని వెనక్కి పంపుతుంది.

అడ్జుడికేటర్ ఉత్తర్వు నాకు పంపారు. పెన్సిలు పట్టుకుని మొదటి నుంచి చివరిదాకా చదివాను. ఇంటర్వ్యూలో చెప్పిన అభివృద్ధి మాటలన్నీ వరసగా ఎత్తిరాసి, దరఖాస్తుదారు నోటి మాటే చాలు అని తేల్చేశాడు. అఫిడవిట్ గురించి ఒక్క వాక్యం లేదు. ఫోటో ఊసే లేదు. నమ్మనని రాసినా పోనీ అనుకునేదాన్ని. చూసినట్టే రాయలేదు. అదే మనకి పట్టు అని సంబరంగా లండన్‌కి ఉత్తరం రాసి పోస్టు చేశాను. నా ఉత్తరం దారిలో ఉండగానే ఆవిడ ఉత్తరం వచ్చింది. అదే పాయింటు, నాకంటే చక్కగా, నాలుగు వాక్యాల్లో. ఆ రోజు నేను అన్నం సరిగా తినలేదు.

పిటిషను వేసే ముందు కరుణ మా ఎదురింటివాళ్ల ఫోనుకి ఫోను చేసింది. ఆ గొంతు వినడం అదే మొదటిసారి. రేపల్లె మాట ఎక్కడా పోలేదు.

"మేడమ్ గారండి, మీతో ఒక మాట చెప్పాలి. ఆయనకి చెప్పకండి."

"చెప్పమ్మా."

"ఇదే ఆఖరండి. ఇది కూడా పోతే నేను ఆయన్ని వదిలేస్తాను. ఆయన చెడ్డవాడు కాదండి. కానీ ఫోను చేసినప్పుడల్లా నన్ను బోనులో నించోబెడతారు. ఈ రోజు ఎవరు డ్యూటీ, ఎవరు ఇంటిదాకా దిగబెట్టారు, ఎందుకు లేటైంది. నేను వార్డులో అంతమంది రోగుల్ని చూసుకొచ్చి, మళ్లీ ఆయనకి జవాబు చెప్పుకోవాలి. ఎదురుగా ఉంటే ఒక్క చూపుతో పోయే సంగతండి ఇది. ఇంత దూరాన్నుంచి నా వల్ల కాదు."

"ఉద్యోగం మానేసి నువ్వే రాలేవా?"

"రానండి. వార్డు నా చేతుల్లో ఉంది. పద్దెనిమిదేళ్ల పిల్లనప్పుడు వచ్చి చలికి ఏడ్చుకుంటూ నేర్చుకున్న పని. దాన్ని వదులుకుని రేపల్లెలో మా అమ్మ పక్కన కూర్చుంటే, నాకు ఆయన మొహం చూసినప్పుడల్లా అదే గుర్తొస్తుంది."

నేను మాటిచ్చాను కాబట్టి మాస్టారికి చెప్పలేదు. ఎలా తెలిసిందో ఫోను సంగతి తెలిసి, ఆయన బాపట్ల నుంచి పరుగెత్తుకొచ్చాడు. "ఆమె మీతో ఏం మాట్లాడిందండి? ఎంతసేపు మాట్లాడింది? నాతో అయితే మూడు నిమిషాలకి పెట్టేస్తుందండి" అన్నాడు. నా మీద కూడా అసూయే. కేసు సంగతులు మాట్లాడిందని చెప్పి పంపించాను. ఆయన గేటు దాటి వెళ్తుంటే వెనకనుంచి చూశాను. అంత పొడుగు మనిషి భుజాలు కుంగిపోయి నడుస్తున్నాడు. ఈ కేసులో ఓడితే ఆయనకి పోయేది వీసా కాదని నాకొక్కదానికే తెలుసు. ఎన్నో దావాలు నడిపాను, ఓడాను కూడా. ఏ తీర్పు కోసమూ అంత భయపడుతూ ఎదురుచూడలేదు.

తీర్పు 1991లో వచ్చింది. జడ్జి గారు మాస్టారిని నమ్ముతున్నానని ఎక్కడా అనలేదు. ఆయన అన్నది ఒక్కటే. ఒక మనిషి తనకి సిగ్గు తెచ్చే సంగతి ప్రమాణం చేసి మరీ చెప్పుకున్నప్పుడు, దాన్ని నమ్మినా నమ్మకపోయినా, ఎందుకో చెప్పాల్సిన బాధ్యత అధికారికి ఉంది. చెప్పలేదు కాబట్టి, ఆ ఉత్తర్వు మీద ట్రిబ్యునల్ అనుమతి నిరాకరించడం చెల్లదు. మళ్లీ విచారణ జరపాలి. రెండో విచారణలో అప్పీలు గెలిచాం. వీసా వచ్చింది. కబురు చెప్పగానే మాస్టారు అడిగిన మొదటి మాట, "ఆ ఫోటో కోర్టులో అందరూ చూశారాండి?" అని.

"జడ్జి గారు కూడా చూశారు" అన్నాను.

ఆయన బల్ల మీద తల ఆనించి ఏడ్చాడు. వారం పది రోజుల్లో వెళ్లిపోయాడు.

నాలుగైదేళ్ల తర్వాత, ఒక శనివారం మధ్యాహ్నం, ఒకావిడ బిస్కట్ల డబ్బా పట్టుకుని మా గుమ్మంలో నిలబడింది. ఫోటోలో చూసిన మొహమే, కొంచెం ఒళ్లు చేసింది. రత్నమ్మ గారిని చూడ్డానికి వచ్చిందట. మాస్టారికి సెలవు దొరకలేదట, అక్కడొక స్కూల్లో ఆటలు నేర్పే పనిలో ఉన్నాడు. ఇన్నేళ్లుగా ఎవరి మీద కుళ్లుకున్నానో ఆ మనిషి నా ఎదురుగా కూర్చుని కాఫీ తాగుతోంది. అడక్కుండా ఉండలేకపోయాను.

"ఇంకా అట్లాగే అడుగుతాడా? ఎవరు, ఎక్కడ, ఎందుకు లేటు అని?"

"లేదండి. అక్కడికొచ్చిన కొత్తలో నెల రోజులు ఆసుపత్రి గేటు దగ్గరికొచ్చి నించునేవారు. అందర్నీ చూశారు, అందరూ పరిచయమయ్యారు. తర్వాత మానేశారు. ఇప్పుడసలేం అడగరు."

"హాయిగా ఉందా అయితే?"

"హాయిగానే ఉందండి." కప్పు పక్కన పెట్టింది. "మొన్నామధ్య ఒక రోజు కావాలని రెండు గంటలు లేటుగా ఇంటికెళ్లాను. పని ఏమీ లేదు. ఊరికే బస్టాపులో కూర్చున్నాను. ఇంటికెళ్తే ఆయన భోంచేసి పడుకున్నారు. నాకు అన్నం మూతపెట్టి ఉంచారు. పొద్దున్నే లేచి, కూరలో ఉప్పు సరిపోయిందా అని అడిగారు."

ఆమెకి చెప్పాల్సింది ఇంకా ఉందని తెలుస్తూనే ఉంది.

"ఆ రోజు కోర్టులో నేను వెనక బెంచీలో కూర్చున్నానండి. మా బారిస్టరు లేచి మీరు రాసిన కాగితం చదివాడు. విగ్గు పెట్టుకున్న ముసలాయన, మా ఆయన్ని ఎప్పుడూ చూడలేదు. నా భార్య లేకుండా నేనిక్కడ ఉండలేను, ఆ దేశం నాకు అక్కర్లేదు అని ఆయన చదువుతుంటే జడ్జి గారు రాసుకుంటున్నారు. ఫోనులో బోనులో నించోబెట్టినవన్నీ ఆ ఒక్క నిమిషంలో మర్చిపోయానండి. మా ఆయన నోటి నుంచి ఆ మాటలు నేను ఒక్కసారి కూడా వినలేదు. ఇప్పటికీ వినలేదు." చీర చెంగు సవరించుకుంది. "ఆ కాగితంలో ఉన్నావిడ ఎవరో గానీ, ఆవిణ్ణి చూస్తే నాకు కుళ్లుగా ఉందండి."

ఆ కాగితంలో ఉన్న ఆవిడ మీద నేనూ కుళ్లుకున్నాను. మేమిద్దరం ఒకే మనిషి మీద కుళ్లుకుంటూ, ఆ మధ్యాహ్నం నా ఆఫీసు గదిలో ఎదురెదురుగా కూర్చున్నాం.

ఆ కేసు నాకు నేర్పింది లండన్ చట్టం కాదు, ఆ నిబంధన తర్వాత వాళ్లే ఎత్తేశారు. అప్పటిదాకా అఫిడవిట్ రాసేటప్పుడు లోపలున్నది నిజమా కాదా అనే చూసుకునేదాన్ని. కింద తేదీ వేయడం గుమాస్తా పని అనుకునేదాన్ని. మాస్టారు చీరాలలో ప్రమాణం చేసి చెప్పిన ప్రతి మాటా నిజమే. కానీ ఏ ప్రమాణమైనా సంతకం పెట్టిన రోజుకే నిజం. ఇప్పుడు నా దగ్గరికొచ్చే ఏ కాగితం మీదైనా తేదీ నేనే, నా చేత్తోనే వేస్తాను.